సైడర్ చేద్దామని వచ్చిన క్లయింట్, వెనిగర్‌తో తేలిన లెక్క: హనుమకొండ కేస్ స్టడీ

క్లయింట్‌కు ముప్పై ఏళ్ల లోపే. హనుమకొండవాడు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చాడు. తండ్రిది వరంగల్‌లో పండ్ల హోల్‌సేల్ వ్యాపారం. సీజన్‌లో కశ్మీర్, హిమాచల్ ఆపిల్ పెట్టెలు లారీల్లో దిగుతాయి. దెబ్బ తగిలినవి, మచ్చ పడ్డవి, మెత్తబడ్డవి ప్రతి లోడులోనూ కొన్ని మిగులుతాయి. వాటిని సగం ధరకు బండ్లవాళ్లకు ఇవ్వడమో, పారేయడమో జరుగుతోంది. ఆ ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అనే మత్తుపానీయం చేయాలని అబ్బాయి ఆలోచన. సూటిగా అడిగాడు: "సార్, గా పండ్లతోని ఇంట్ల హార్డ్ సైడర్ చేసి అమ్ముకుంట. ఎట్ల మొదలుపెట్టాలె?"

నేను మైక్రోబయాలజీ చదివి ఈ చుట్టుపక్కల చిన్న ఫుడ్ యూనిట్లకు సలహాలిచ్చే పనిలో ఉన్నాను. పచ్చళ్లు, పొడులు, జ్యూసులు ఎక్కువ. పులియబెట్టే సరుకు తక్కువగా వస్తుంది కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను. క్లయింట్ అనుమతి ఉంది, అతన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు అతనికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్పాలి. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్, సోమర్సెట్ ప్రాంతాల్లో సైడర్ మనకు తాటికల్లు ఉన్నట్టే ఊరి పానీయం. సైడర్ చేసే బల్మర్స్ కంపెనీ 1887లో హెర్‌ఫర్డ్‌లోనే మొదలైంది. 1903లో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్‌లో సైడర్ పరిశోధన కోసమే ఒక సంస్థ పెట్టారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధంతో సైడర్ దాదాపు చచ్చిపోయి, 2010 తర్వాత మళ్లీ ఊపందుకుంది. బీరు చేదు నచ్చనివాళ్లు, గోధుమ, బార్లీ పడనివాళ్లు దాని వైపు వచ్చారు. ఇంట్లో చేసుకోవడం అక్కడ మామూలు విషయం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఇంగ్లండ్‌లో కూడా సొంతానికి చేసుకుంటే పన్ను లేదు. మన దేశంలో హిమాచల్ ప్రభుత్వ సంస్థ హెచ్‌పీఎంసీ ఆపిల్ సైడర్ తయారు చేస్తుంది. పెద్ద నగరాల్లో ప్రైవేటు బ్రాండ్లూ వచ్చాయి. హైదరాబాద్‌లో తాగినవాళ్లు హనుమకొండకు వచ్చి "మనదగ్గర దొరకదా" అని అడిగే రోజులివి. అబ్బాయికి మార్కెట్ కనిపించడంలో వింతేం లేదు.

చట్టం దగ్గరే మొదటి మాట

తెలంగాణలో అమల్లో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తుపానీయం తయారు చేయడం నేరం. అమ్మకపోయినా, ఇంట్లోవాళ్లమే తాగుతాం అన్నా సరే. అక్కడి గ్యాలన్ల లెక్క ఇక్కడికి మోసుకురావడానికి లేదు. పైగా ఇది గుడుంబాతో విసిగిపోయిన జిల్లా. తండాల్లో డ్రమ్ముల కొద్దీ బెల్లం పానకం పారబోయించిన ఫొటోలు పేపర్లో వస్తూనే ఉంటాయి. డ్రమ్ములో నురగ కక్కుతున్న తీపి నీళ్లు కనిపిస్తే, అది ఆపిల్‌దా బెల్లందా అని వచ్చిన కానిస్టేబుల్ ఆగి ఆలోచిస్తాడని నేననుకోను.

"మరి మా ఊర్ల కల్లు అమ్ముతున్నరు గద సార్" అన్నాడు. అది వేరే దారి. కల్లుకు లైసెన్సు గీత కార్మికుల సహకార సంఘాలకు, లేదా చెట్టు లెక్కన గీసేవాడికి ఇస్తారు. తరాలుగా గీస్తున్నవాళ్ల వృత్తికి ఇచ్చిన హక్కు అది. పులిసిన ప్రతి రసానికీ వర్తించదు.

తీగ లాగితే ఇంకో సంగతి బయటపడింది. నా దగ్గరకు రాకముందే, మే నెలలో, టెర్రస్ మీది గదిలో చిన్న ప్రయత్నం చేసి చూశాడట. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ఈస్ట్ ప్యాకెట్, టెట్రాప్యాక్ ఆపిల్ జ్యూసు, కూల్‌డ్రింక్ బాటిళ్లు. మూడు రోజుల్లో నురగ తగ్గిందని మూతలు బిగించాడు. ఒక బాటిల్ అడుగు బయటికి పొంగి నిలబడలేకపోయింది, ఇంకొకటి రాత్రి పగిలింది. వాళ్లమ్మ పొద్దున్నే అంతా సింకులో పోసేసి, "ఎక్సైజోళ్లు వస్తే మా ఇజ్జత్ ఏం గావాలె" అని రెండు రోజులు మాట్లాడలేదు. నా అభిప్రాయం అడిగితే ఆ ఇంట్లో ఆరోజు సరైన పని చేసింది ఆమె ఒక్కతే.

బాటిల్ ఎందుకు పగిలింది

అతని నోట్‌బుక్ ఒక మంచి విషయం. ఇంగ్లండ్‌లో చేసిన బ్యాచ్‌ది, ఇక్కడ మేలో చేసినదానిది, రెండింటి రీడింగులూ అందులో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదివితే కేసు సగం విడిపోయింది.

అక్కడ అక్టోబరులో కోసిన సైడర్ ఆపిల్స్. తినడానికి పనికిరావు, నోరు వగరుగా లాగేస్తాయి. ఆ వగరే సైడర్‌కు నోటికి తగిలే చిక్కదనం ఇస్తుంది. రసం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీళ్లకంటే ఎంత బరువో చెప్పే అంకె, 1.055. చక్కెర ఎంత ఎక్కువుంటే ఆ అంకె అంత పెద్దది. షెడ్డులో పది డిగ్రీల చలి. నెలల తరబడి మెల్లగా పులిసి, వసంతానికి 1.000 దగ్గర ఆగింది. మొదటి రీడింగులోంచి చివరిది తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది: ఏడు కంటే కాస్త ఎక్కువ.

ఇక్కడ మేలో గది వేడి 38. అదే ఈస్ట్, కానీ పదహారు నుంచి ఇరవై డిగ్రీల మధ్య హాయిగా పనిచేసే రకం. ఈ వేడిలో అది పిచ్చిగా పరుగెత్తి, రసంలో నైట్రోజన్ చాలక కోడిగుడ్డు కుళ్లిన వాసన వదిలింది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. దానిమీద నెయిల్‌పాలిష్ వాసన, అంటే ఇథైల్ ఎసిటేట్. నురగ ఆగింది కదా అని అతననుకున్నాడు గానీ గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ 1.010 దగ్గరే ఉంది. ఈస్ట్ అలసిపోయి నిలబడింది తప్ప పని ముగించలేదు. 1.010 అంటే లీటరులో ఇంకా దాదాపు 26 గ్రాముల చక్కెర. మూత బిగించాక అది మళ్లీ పులిస్తే లీటరు పానీయంలో ఆరు లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. మామూలు బీరులో ఉండేది రెండున్నర లీటర్ల చుట్టుపక్కల. దీనికి తోడు 38 డిగ్రీల వేడి. ప్లాస్టిక్ బాటిల్ కాబట్టి పగిలి ఊరుకుంది, గాజు అయితే కళ్లు పోయేవి.

నురగ తగ్గడం సాక్ష్యం కాదు. రెండు మూడు రోజుల తేడాతో తీసిన హైడ్రోమీటర్ రీడింగు కదలకుండా ఉండాలి, అదీ 1.000 దగ్గరో అంతకంటే కిందో. విదేశాల్లో ఉండి చట్టబద్ధంగా ఇంట్లో చేసుకునే మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఒక్క పేరా ఫ్రిజ్ మీద అతికించుకోవచ్చు.

వేడి తట్టుకునే ఈస్ట్ లేదా అంటే ఉంది. నార్వే పల్లెల్లో తరాలుగా దాచుకొచ్చిన క్వైక్ ఈస్ట్ 35 దాటినా చెడు వాసన లేకుండా పనిచేస్తుంది. కానీ మన సమస్యకు ఈస్ట్ మార్చడం జవాబు కాదు. లైసెన్స్ లేని పని చల్లగా జరిగినా లైసెన్స్ లేనిదే.

దారి మార్చిన ఆలోచన

సైడర్ చేసేవాడికి అతి పెద్ద శత్రువు అసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా. గాలి తగిలితే చాలు, ఆల్కహాల్‌ని తినేసి అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్ పులుపుగా మారుస్తుంది. దాన్ని దూరం పెట్టడానికే గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాకులు, సూక్ష్మజీవులను చంపే సల్ఫైట్ మాత్రలు, నిండా నింపిన పాత్రలు. ఆ బ్యాక్టీరియాకు ఇష్టమైన వేడి 28 నుంచి 30 డిగ్రీలు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వరంగల్‌లో మామూలు గదిలో ఉండేది ఇంచుమించు అదే. కశ్మీర్ ఆపిల్ దిగేదీ, పాడైన పండ్లు గుట్ట పడేదీ అప్పుడే. ఈ ఊరి వాతావరణం సైడర్‌కు అడ్డు, వెనిగర్‌కు తోడు. ఆపిల్ సైడర్ వెనిగర్‌కు ఇప్పుడు ఎంత గిరాకీ ఉందో చెప్పక్కర్లేదు. బరువు తగ్గుతారని పొద్దున్నే నీళ్లలో కలుపుకొని తాగేవాళ్లు ప్రతి గల్లీలో ఉన్నారు. ఆ నమ్మకాన్ని లేబుల్ మీద రాయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. తండ్రికి మాత్రం వెంటనే నచ్చింది. "సారూ, గిది తాగి ఎవలు పడిపోరు గద? గంతే చాలు" అన్నాడు.

వెనిగర్‌కు రెండు దశలు: మొదట ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది, తర్వాత అసిటోబాక్టర్ దాన్ని ఆమ్లం చేస్తుంది. అంటే మధ్యలో ఆల్కహాల్ ఉంటుంది. అందుకే పని మొదలుపెట్టేముందు ఏం చేయబోతున్నాం, ఎంత పరిమాణం, చివరికి తేలే సరుకేంటి అన్నది కాగితం మీద రాసి ఎక్సైజ్ ఆఫీసులో ఇప్పించి, రాతపూర్వక సమాధానం చేతికొచ్చాకే డ్రమ్ములు కొనిపించాను. ఇలాంటి పని తలపెట్టేవాళ్లు నా మాట పట్టుకుని దిగొద్దు. మీ జిల్లా ఆఫీసులో మీరే అడిగి, మీ కాగితం మీరు తెచ్చుకోండి. ఫుడ్ సేఫ్టీ వైపు అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోయేది. అది ఆన్‌లైన్‌లో అయిపోయింది.

పండు దగ్గర రాజీ లేదు

పాడైన ఆపిల్ అనగానే చౌకగా వచ్చే ముడిసరుకు అని అందరూ అనుకుంటారు. దెబ్బ తగిలిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. నీలం రంగు బూజు పట్టే పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనే ఫంగస్ ప్యాట్యులిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆపిల్ జ్యూసులో అది కిలోకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. మరగబెడితే పోదు. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు చాలావరకు విరిగిపోతుంది నిజమే, కానీ ఆ భరోసాతో కుళ్లు కలపడం బుద్ధి తక్కువ పని.

గోదాములో బల్ల వేసి, లైటు పెట్టి, పండు పండునూ మధ్యకు కోయించాను. ఇది అతనికి చాలా విసుగు పుట్టించింది. పైకి ఎర్రగా నిగనిగలాడే డెలిషస్ ఆపిల్ ఒకటి తీసి, దీన్ని కూడా కోయాలా అని చూశాడు. కోస్తే గింజల గది చుట్టూ బూడిద రంగు నూగు. తొడిమ అవతలి గుంటలోంచి లోపలికి వెళ్లిన బూజది, పైకి ఆనవాలే ఉండదు. ఆ తర్వాత కోయడం గురించి మారు మాట్లాడలేదు. పనికొచ్చేవని తెచ్చిన సరుకులో ఇంచుమించు మూడో వంతు పక్కకు పోయింది. వ్యాపారం లెక్క వేసేటప్పుడు ఈ మూడో వంతును మరచిపోయి చాలామంది బోల్తా పడతారు.

రసం పరీక్ష చేస్తే బ్రిక్స్, అంటే చక్కెర శాతం, 12; గ్రావిటీ లెక్కన 1.048. పులుపును చెప్పే పీహెచ్ 4.0 దాటింది; ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మన దగ్గరికొచ్చే డెలిషస్ రకం తినడానికి తీపి, పులుపు తక్కువ, వగరు లేదు. సైడర్‌కైతే ఇది పెద్ద లోటు. అంత పీహెచ్‌లో సల్ఫైట్ కూడా సరిగా పనిచేయదు. అక్కడి ఇళ్లలో తినే ఆపిల్‌తో చేసేవాళ్లు మాలిక్ ఆమ్లం కలిపి పీహెచ్ దించుతారు, వగరు కోసం చిక్కటి టీ డికాక్షన్ పోస్తారు. వెనిగర్‌కు ఆ బాధ లేదు, పులుపు ఎలాగూ తర్వాత వస్తుంది. పీహెచ్ 3.7 దాకా దించడానికి కొంచెం మాలిక్ ఆమ్లం వేశాం. సల్ఫైట్ మాత్రం వేయలేదు, వేస్తే రెండో దశలో మనక్కావాల్సిన బ్యాక్టీరియానే అది చంపుతుంది. బదులుగా రసాన్ని 72 డిగ్రీలకు వేడిచేసి చల్లార్చాం. వేడిచేస్తే పండులోని పెక్టిన్ అనే జిగురు వల్ల రసం మబ్బుగా మారుతుంది కాబట్టి చల్లారాక దాన్ని విడగొట్టే పెక్టినేజ్ ఎంజైమ్ కలిపాం.

మొదటి దశ అక్టోబరు చివర్లో. యాభై లీటర్ల ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ములు, నేల మీద నీళ్ల తొట్టెలో నిలబెట్టి, చుట్టూ తడి గోనెపట్టాలు, ఫ్యాను. పులిసేటప్పుడు డ్రమ్ము లోపల తనకు తానే కొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. గది థర్మామీటర్ చూసి మోసపోకుండా డ్రమ్ముకే స్ట్రిప్ అంటించాం. లోపల 24, 25 దాటనివ్వలేదు. ఈస్ట్‌కు మొదట్లోనే లీటరుకు పావు గ్రాము లోపు, నైట్రోజన్ అందించే డైఅమ్మోనియం ఫాస్ఫేట్ ఇచ్చాం, గుడ్డు వాసన ఛాయలకు రాలేదు. రెండు వారాలు దాటాక గ్రావిటీ 1.000 దగ్గర ఆగింది. ఆల్కహాల్ ఆరు శాతం పైచిలుకు.

ఇక్కడే అతను గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడిది సైడరే గద సార్." సైడరే. పల్చగా, చప్పగా, చిక్కదనం లేని సైడర్. హెర్‌ఫర్డ్‌లో తాగినవాడికి నచ్చే సరుకు కాదని అతనికే అర్థమైంది. ఆ రోజే, నా ముందే, ముందే సిద్ధంగా ఉంచిన పచ్చి (వేడిచేయని, బ్యాక్టీరియా బతికున్న) పాత వెనిగర్ నాలుగో వంతు దానిలో కలిపించాను. అంత ఆమ్లం పడ్డాక అది తాగే సరుకుగా ఉండదు, మిగతా చెడు సూక్ష్మజీవులూ తలెత్తవు.

గాలి, పొర, టైట్రేషన్

వెడల్పు నోటి పాత్రలు, మూడింట రెండు వంతులే నింపి, పైన పల్చని గుడ్డ కట్టడం. నింపేస్తే గాలి చాలదు. గుడ్డ వదులుగా ఉంటే పండు ఈగలు దూరతాయి, ఈ ఈగలు మన ఊళ్లో ఏ సందులోంచైనా వస్తాయి. వారం పది రోజులకు పైన మీగడ లాంటి పొర కట్టింది. తండ్రి దాన్ని చూసి చెడిపోయిందని పారబోయబోయాడు. అదే మదర్, అసిటోబాక్టర్ అల్లుకునే సెల్యులోజ్ పొర.

వాళ్ల సొంతూరు వర్ధన్నపేట వైపు. అక్కడి నుంచి పని మీద వచ్చిన గౌడన్న ఒకాయన పాత్ర దగ్గర వాసన చూసి, "ఇది మూడొద్దుల కల్లు వాసనొస్తుంది" అన్నాడు. ముక్కు అంటే అది. పొద్దున దించిన లొట్టిలో తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ఆ మార్పులన్నీ ఆయనకు గంటల్లో తెలుసు. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియదన్న సంగతి కూడా ఆయన చేతి పనే. తాటి రసం పీహెచ్ దాదాపు తటస్థంగా ఉండి, గాల్లోంచి, లొట్టిలోంచి వచ్చే ఈస్టులు, బ్యాక్టీరియా కలిసి పడతాయి కాబట్టి అంత వేగం. మేం రెండు నెలల్లో విడివిడిగా చేసే రెండు దశలు కల్లులో ఒకదాని మీద ఒకటి పడి నడుస్తాయి.

ఎప్పుడు ఆపాలన్నది నాలుక చెప్పలేదు, టైట్రేషన్ చెబుతుంది. అంటే ఆమ్లం ఎంతుందో క్షారంతో కొలిచే పరీక్ష. పది మిల్లీలీటర్ల వెనిగర్ తీసుకుని, నీళ్లతో పలుచన చేసి, ఆమ్లం తీరగానే రంగు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి అర నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ బొట్టుబొట్టుగా వదలాలి. గులాబీ రంగు వచ్చి కలిపినా పోకుండా నిలిచిన చోట ఆగాలి. 17 మిల్లీలీటర్లు పట్టిందంటే ఆమ్లం 5.1 శాతం. పులియబెట్టిన వెనిగర్‌కు మన నిబంధన కనీసం 3.75. అతను ఇంజినీరింగ్ నేపథ్యం ఉన్నవాడు, ఈ పని మాత్రం ఇష్టంగా నేర్చుకున్నాడు. ఆరు శాతం ఆల్కహాల్‌కు కాగితం మీద లెక్కేస్తే ఆరు శాతం పైన ఆమ్లం రావాలి. కొంత ఆవిరైపోతుంది, కొంత బ్యాక్టీరియా తింటుంది, కలిపిన పాత వెనిగర్ బలాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. ఐదు దాటితే సంతృప్తిపడాలి.

ఇంకా ఉంచితే ఇంకా పులుస్తుంది కదా అని ఆశపడకూడదు. ఆల్కహాల్ అయిపోగానే అదే బ్యాక్టీరియా తను చేసిన ఆమ్లాన్నే తినడం మొదలుపెడుతుంది. టైట్రేషన్ అంకె వరుసగా పెరిగి, ఒకచోట ఆగిన వారమే పొర తీసేసి, వడకట్టి, సీసాల్లో మెడదాకా నింపి మూత బిగించేశాం.

డబ్బు సంగతికొస్తే, పండు తమదే కాబట్టి ఖర్చులో పెద్ద వాటా సీసాలది, కోసే కూలీలది. ఊళ్లోని ఆర్గానిక్ షాపులు తీసుకుంటున్నాయి. సూపర్‌మార్కెట్‌లో ఉండే పెద్ద బ్రాండ్ ధరతో పోటీ పడొద్దని చెప్పాను. వాళ్ల సరుకు టన్నుల్లో తయారవుతుంది, ధర తగ్గించుకుంటూ పోతే మూడో వంతు పారేసే మనిషికి ఏమీ మిగలదు. పెద్దగా లాభం కాదు గానీ, పారేసే పండుకు ఇప్పుడు ఒక లెక్క పుస్తకం ఉంది.

సైడర్ కోరిక అతనిలో చావలేదు. హిమాచల్‌లో లైసెన్సున్న యూనిట్‌లో పనిచేసి నేర్చుకొస్తానని ఇంట్లో చెబుతున్నాడు. అది మంచి ఆలోచనే, వెళ్తే వాళ్లమ్మ కూడా అభ్యంతరం పెట్టదనుకుంటా. ఈలోగా మామిడి సీజన్ వచ్చింది. రాలిన బంగినపల్లితో వెనిగర్ మేలోనే మొదలుపెడదామని ఫోన్ చేశాడు. 43 డిగ్రీల్లో తడి గోనెపట్టాలతో మొదటి దశ నడవదు. గుజ్జు తీసి, వేడిచేసి, కోల్డ్ స్టోరేజీలో పెట్టమన్నాను. డ్రమ్ములు అక్టోబరు దాకా ఖాళీగానే ఉంటాయి.